ఇరవై ఉతుకుల గౌను

బూర్గంపాడులో సుశీలమ్మ కుట్టిన జాకెట్టు వేసుకోని ఆడమనిషి లేదంటే అది కొంచెం ఎక్కువ చెప్పినట్టే. కానీ ఆ మాట సుశీలమ్మ ముందు అనే ధైర్యం మాత్రం ఊళ్లో ఎవరికీ లేదు. ముప్పై రెండేళ్లుగా అదే వీధి, అదే మిషను, అదే నోరు. కొలతలు తీసేటప్పుడు ఎవరైనా పొట్ట లోపలికి లాక్కుంటే, "ఊపిరి బిగబట్టకు తల్లీ, రేపు జాకెట్టేసుకుని ఊపిరి పీల్చవా ఏంది?" అని కసురుతుంది. తిట్లు తిని మరీ ఆమె దగ్గరే కుట్టించుకుంటారు, ఎందుకంటే ఆమె జాకెట్టు ఛాతీ దగ్గర ముడత పడదు.

అలాంటి మనిషి, నిండు పెళ్లిళ్ల కాలంలో, జాకెట్టు గుడ్డలన్నీ మూటగట్టి అటక మీద పడేసి, "వానలు పడేదాక నన్ను అడగొద్దు" అని షాపు తలుపు మూసేసింది. ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. కారణం ఆమె కోడలు వనజ.

వనజ స్టాఫ్ నర్సు. భద్రాచలం దాటి అడవిలోకి గంటన్నర పోతే వచ్చే చిన్న దవాఖానాలో పని. చుట్టూ పద్నాలుగు గుంపుల, అంటే కోయగూడేల, ఆడవాళ్లకు కాన్పులు చేసేది ఆమే. పోయిన వానకాలంలో వాగు పొంగి పదకొండు రోజులు బండి రాలేదు. ఒకసారి తొడుక్కుని కాల్చేసే కాగితంలాంటి గౌన్లు అయిపోయాయి. చిరిగిన ఒకే ఒక్క గౌనుకు ప్లాస్టరు అంటించుకుని వనజ ఒక కాన్పు చేసింది. తల్లికి రక్తం ఆగలేదు. ఆ నెత్తురు గౌను దాటి, చుడీదారు దాటి, చెమటకాయలు గీక్కుని పుండ్లు పడ్డ వనజ పొట్ట మీదికి చేరింది. రెండు రోజుల తర్వాత తెలిసింది, ఆ తల్లికి రక్తం ద్వారా అంటుకునే జబ్బు ఉందని.

నెల రోజులు మాత్రలు, ఆరు నెలలు పరీక్షలు. మాత్ర మింగిన ప్రతిసారీ వనజకు కడుపులో తిప్పేది. సుశీలమ్మ మాత్రం పొద్దున్నే గ్లాసు నీళ్లు పట్టుకుని ఎదురుగా నిలబడి, అది గొంతు దిగేదాకా కదిలేది కాదు. ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఆఖరి పరీక్షలో ఏమీ లేదని తేలిన రోజు కూడా, "సరే, అన్నం తిను" అంది అంతే. ఆమెది రాతిగుండె అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు.

కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసే కొడుకు సతీష్ ఒకటే పట్టు పట్టాడు, ఉద్యోగం మానేయమని. జవాబు అత్త దగ్గర నుంచి వచ్చింది.

"మానేస్తే? ఆ వాగు మల్ల పొంగదా? అక్కడి ఆడోళ్లు నొప్పులు ఆపుకుంటరా? నా కోడలు కాకుంటే ఇంకొకామె కోడలు తడుస్తది. అరేయ్, లీకైంది గుడ్డరా. గుడ్డ సంగతి నాకు ఇడిచిపెట్టు."

"అమ్మా, అది జాకెట్టు కాదే."

"జాకెట్టైతే ఇంత ఆలోచన ఎందుకురా, పడుకుని కుడత."

దవాఖానా డాక్టరు ఉదయ్ భాస్కర్ కుర్రవాడు. సత్తుపల్లి వైపు రైతుల కుటుంబం, మాటలో మర్యాద. వనజకు జరిగినప్పటి నుంచి ఆయనకూ కంటి మీద కునుకు లేదు. ఉతికి మళ్లీ వాడుకునే గౌన్లు ఉంటే వాగు పొంగినా భయం లేదు, వెనక గుంతలో రోజూ ఆ ప్లాస్టిక్ పొగా ఉండదు అని ఆయనే ఖమ్మం నుంచి గుడ్డ తెప్పించాడు. చూడ్డానికి మెత్తటి పాలిస్టరు, లోపల కంటికి కనపడని సన్నటి పొర, నీళ్లు దిగకుండా. సుశీలమ్మకు షరతు కూడా ఆయనే చెప్పాడు.

"చూడండమ్మా, కొత్తది ఎవరైనా బాగానే కుడతారు. వేడినీళ్లు, సబ్బు పెట్టి ఇరవై సార్లు ఉతికాక ఎలా ఉంటుందన్నదే నాకు కావాలి. కింద పేపరు పరిచి, దాని మీద గౌను వేసి, ఛాతీ దగ్గర చెంబెడు నీళ్లు పోసి అరగంట ఉంచుతా. పేపరు తడవకూడదు. అందులో నెగ్గితే ఒకటి ల్యాబుకి కూడా పంపించి, వానలకి ముందే లేబర్ రూములోకి తీసుకుంటా. నెగ్గకపోతే ఈ ఏడు కూడా పాతవే. వాటితో మాత్రం వనజని లోపలికి పొమ్మనే మొహం నాకు లేదు."

అంటే గౌను ఓడితే వనజ ఉద్యోగం కూడా ఓడినట్టే. సుశీలమ్మ మరునాడే మిషనును ఆటోకెక్కించి అడవి దారి పట్టింది. దవాఖానా వరండాలో దాన్ని దింపుతుంటే వనజకు సిగ్గు ముంచుకొచ్చింది.

"అత్తమ్మా, ఇంటికాడ కుడితే సరిపోయేది గదా."

"తొడుక్కునేటోళ్లు ఈడుంటే, ఆడ కూసొని ఎవరి కొలత తీయాలె?"

నిలబెట్టి కొలిచే టైలర్లను చూశాం. సుశీలమ్మ కోడలిని వంచి కొలిచింది, గొంతుక్కూర్చోబెట్టి కొలిచింది, రెండు చేతులూ ముందుకు చాపి బలంగా నొక్కమని కొలిచింది. చెయ్యి చాపినప్పుడు గౌను చెయ్యి గ్లౌజులోంచి జారిపోతోందని కనిపెట్టి, బొటనవేలికి తగిలించుకునే చిన్న ఉచ్చు పెట్టింది. ముడులు వీపు వెనక్కి మార్చింది, విప్పేటప్పుడు నెత్తురంటిన ముందు భాగం ముట్టుకోకుండా. వారం తిరిగేసరికి పది గౌన్లు తయారు.

వాటి ఛాతీ కింద అటొకటి ఇటొకటి, ఏటవాలుగా కుట్టిన మడతలు. టైలర్లు డాట్లంటారు. జాకెట్టుకు ఒంపు తెచ్చేవి అవే. వద్దని ఎవరూ చెప్పలేదు, పెట్టమనీ ఎవరూ చెప్పలేదు. ముప్పై రెండేళ్ల చెయ్యి, దానంతటదే పెట్టేసింది.

వనజ తొడుక్కుని వంగి చూసింది. "బాగుంది అత్తమ్మా. కానీ వొంగితే ఈడ పట్టేస్తంది."

"గంతేనా" అని సుశీలమ్మ ఆ మధ్యాహ్నమే బ్లేడు ముక్క తీసుకుని పది గౌన్ల డాట్లూ విప్పేసింది. కుట్టు విప్పిన చోట కనపడే సూది బెజ్జాలను, ఎప్పటిలాగే తడి వేలితో అద్ది గోటితో రుద్దింది. నూలు గుడ్డయితే అలా రుద్దగానే పోగులు కలిసిపోతాయి, కుట్టు ఉండేదన్న సంగతి బట్టకే తెలియదు. డాక్టరు చెంబెడు నీళ్లు పోశాడు. పేపరు ఎండు రొట్టెలా పొడిగా ఉంది. "భేష్ అమ్మా" అన్నాడు. ఇక ఉతుకులు మొదలు.

ఉతికేది కన్నమ్మ. దవాఖానాలో ఆయా. పక్క గుంపు మనిషి. ఇంట్లో కోయలో మాట్లాడుతుంది, దవాఖానాలో తెలుగులో తక్కువ మాట్లాడుతుంది. రోజుకు రెండు ఉతుకులు, పది రోజులు. ఉతికినవి క్వార్టర్ల వెనక రేగుముళ్ల కంచె మీద ఆరేసేది. ఆ గుంపుల్లో అందరూ అలాగే ఆరేస్తారు. తాడు మీదవి గాలికి ఎగిరి మట్టిలో పడతాయి, ముల్లు పట్టుకున్న గుడ్డ ఎక్కడికీ పోదు.

పదకొండో రోజు పొద్దున డాక్టరు వరండాలోనే పేపర్లు పరిచాడు. ఓపీకి వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు. చెంబు, నీళ్లు, అరగంట. మొదటి గౌను ఎత్తితే కింద పేపరు మెత్తబడి అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. రెండోదీ అంతే. పదింటిలో ఎనిమిది కారాయి.

సుశీలమ్మకు తల కొట్టేసినట్టయింది. విసవిసా వెనక్కి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఆమెకే తెలియదు, కానీ వెళ్లాక కళ్లెదుట ముళ్లకంచె కనపడింది. అందాకా ఆమె అటువైపు తొంగి చూడలేదు. కంచె మీద ఇంకా దవాఖానా దుప్పట్లు ఆరుతున్నాయి. ఇంకేం కావాలి?

"ఓసి కన్నమ్మా! ముండ్ల మీద ఆరేసినవా? వారం రోజులు కళ్లు పోయేటట్టు కుడితే, జల్లెడ చేసి పెట్టినవ్ గదే! నా కోడలి పాణానికి అడ్డంగ కుట్టిన గుడ్డే అది!"

డాక్టరు కూడా వచ్చి కంచె చూసి తల పట్టుకున్నాడు. "ముళ్ల మీదా కన్నమ్మా? అడగాల్సింది కదా. సరే, ఉతకడానికి ఇంకొకరిని చూద్దాం" అన్నాడు. ఆయన మెల్లగానే అన్నాడు, కానీ అందరికీ వినపడింది. కన్నమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఆ ఎనిమిది గౌన్లూ ఎత్తుకుని లోపలికి పోయింది.

తప్పెవరిదో తేలిపోయాక మనిషికి ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది. సుశీలమ్మ మిగిలిన గుడ్డ పరిచి మళ్లీ పది గౌన్లకు సుద్ద ముక్కతో గీతలు గీయడం మొదలుపెట్టింది. ఈసారి డాట్లు లేకుండా, వదులుగా. మధ్యాహ్నం అన్నాల వేళకు మిషను మీద నీడ పడింది. తలెత్తితే కన్నమ్మ.

"టైలరమ్మా, లేచి ఎండలకు రా."

పిలిచిన తీరులో ఏదో ఉంది. సుశీలమ్మ లేచింది. కన్నమ్మ కారిన గౌను ఒకటి తీసి, రెండు చేతులతో బిగించి సూర్యుడికి అడ్డంగా పట్టుకుంది. గుడ్డలోంచి వెలుతురు సన్నటి చుక్కలుగా దిగింది.

"ముల్లు గుచ్చింది ఈడ" అని అంచు దగ్గర చూపించింది. అక్కడ రెండు చోట్ల చీరుకున్నట్టు ఉంది. "అంచులే కంచె మీద ఏసిన, నిజం. ముల్లు ఏడబడితే ఆడ గుచ్చుతది, గుచ్చి చీరుతది. గని ఇవి చూడు. ఛాతీ కింద. గిటొక వరుస, గటొక వరుస. చీమల బారు లెక్క పోతున్నయ్. ఎనిమిదిట్లో గూడ గిట్లనే. ముల్లు వరుస పెట్టి గుచ్చుద్దా? నాకు కుట్టుడు రాదు. నీకొస్తది గదా, నువ్వే చెప్పు."

సుశీలమ్మ చెప్పాల్సిన పని లేదు. ఆ ఏటవాలు ఆమె చేతి ఏటవాలు. నూలు గుడ్డయితే కలిసిపోయేవే. ఈ గుడ్డలో పొర ఒకసారి తూటు పడితే పడినట్టే. గోటితో రుద్దితే పైకి మూసుకున్నట్టు నటించి, వేడినీళ్లు తగలగానే ఒక్కొక్కటీ కళ్లు తెరిచాయి; కారని రెండింటివీ ఇవాళో రేపో తెరుచుకునేవే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తను చేసిన బెజ్జాలకు తను కన్నమ్మ ముళ్లను తిట్టింది.

కన్నమ్మ గౌను మడిచి మిషను మీద పెట్టి తన పనికి తను వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పలేదు, చెబుతానని బెదిరించలేదు. అదే సుశీలమ్మకు ఎక్కువ బాధైంది. పోనీ ఊరుకుంటే? కొత్త పదింటికీ డాట్లు లేవు, అవి ఎలాగూ నెగ్గుతాయి. గెలిచాక పాత సంగతి ఎవరడుగుతారు? చెబితే డాక్టరుకు తన కుట్టు మీద నమ్మకం పోతుంది, వానలు దగ్గర పడ్డాయి, ఇంతటితో చాలించమన్నా అనవచ్చు. అప్పుడు వనజ గతి? ఈ లెక్కంతా వేసుకుంది. వేసుకున్నందుకు సిగ్గుపడింది కూడా. ఆ రోజంతా ఆమె ఎవరినీ కసరలేదు, అది చూసి వనజకు భయమేసింది.

మరునాడు ఓపీ నిండుగా ఉన్నప్పుడు సుశీలమ్మ డాక్టరు బల్ల ముందుకెళ్లి పాత గౌను పరిచింది.

"సార్, మీరు తిట్టాల్సింది కన్నమ్మను గాదు. ఈ బెజ్జాలు నా సూదివి. డాట్లేసి విప్పిన. ఈ గుడ్డ మూసుకోదని నాకు తెల్వలే. తెల్వదని గూడ తెల్వలే."

ఉదయ్ భాస్కర్ గౌనును వెలుతురులో పట్టి చాలాసేపు చూశాడు. "అమ్మా, మీరు చెప్పడం మంచిదైంది. కానీ వానలు ఇంకో రెండు వారాల్లో వచ్చేస్తాయంటున్నారు. మళ్లీ కుట్టాలి, మళ్లీ ఇరవై ఉతుకులు. అవుతుందా?"

"మూడు రోజులు కుట్టుడు, పది రోజులు ఉతుకుడు. ఉతికేది కన్నమ్మే. ఎండకు పట్టి చూసేది గూడ కన్నమ్మే. ఆమె సరే అంటేనే మీ చెంబు దాకా వస్తది."

కన్నమ్మ గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. అందరూ ఆమె వైపు చూశారు.

"చేస్త" అంది. "గని ఒకటి. నిన్న నా మీద అరిచినప్పుడు వరండ మొత్తం ఇనపడ్డది. ఇప్పుడు చెప్పింది ఎనకున్నోళ్లకు ఇనపడలే. ఇంకొంచెం గట్టిగ చెప్పు."

ఎవరో కిసుక్కున నవ్వారు. సుశీలమ్మ మొహం కందగడ్డ అయింది. బూర్గంపాడులో ఎంత పెద్దింటి ఆడవాళ్లూ ఆమెతో అలా మాట్లాడి ఎరగరు. ఆమె వరండాలోకి వచ్చి, మిషను పక్కన నిలబడి, గొంతు సవరించుకుంది.

"కన్నమ్మ తప్పు లేదు! తప్పు నాది! నేనే అన్యాలంగ తిట్టిన!"

"ఆఁ. ఇప్పుడు ఇనపడ్డది" అని కన్నమ్మ మళ్లీ ఊడవసాగింది.

ఆ మూడు రోజులు సుశీలమ్మ కుట్టినట్టు జన్మలో కుట్టలేదు. మెడ నుంచి మోకాళ్ల కిందిదాకా ముందు భాగం ఒకే ముక్క, దాని మీద ఒక్క సూది గాటు లేదు. అతుకులన్నీ వీపు వైపుకు, చేతి కుట్టు మోచేతి వెనక్కు. గుండుసూదుల డబ్బా మూసి పక్కన పెట్టింది, బట్టల క్లిప్పులతో పట్టి కుట్టింది. కుట్టు ఎక్కడైనా పక్కకు పోతే విప్పలేదు, ఆ ముక్కే తీసేసింది. జానెడు గుడ్డ వృథా చేయని మనిషి నాలుగు పెద్ద ముక్కలు అలా పక్కన పడేస్తుంటే వనజ ఒక్కొక్కటే ఏరి మడతపెట్టింది. ఆ ముక్కలతో తర్వాత కాళ్లకు తొడుగులు కుట్టింది లెండి, అది వేరే సంగతి.

ఆరేసే ఉపాయం కన్నమ్మది. కంచెకు ఇవతల రెండు గుంజలు పాతి, గౌను ఒక చేతిలోంచి రెండో చేతిలోకి వెదురు బొంగు దూర్చి వాటి మీద అడ్డంగా పెట్టింది. పది గౌన్లు చేతులు చాచుకుని చేలో దిష్టిబొమ్మల్లా నిలబడ్డాయి. గాలికి ఎగరలేదు, ముల్లు తగలలేదు. ఇరవయ్యో ఉతుకు అయ్యాక కన్నమ్మ ఒక్కొక్కటే సూర్యుడికి పట్టింది. ఒకదాన్ని పక్కకు విసిరింది.

"దానికేమైంది?"

"చంక కింద చుక్క. నీ కత్తెర మొన."

ఇద్దరూ ఆ చుక్క గురించి కాసేపు వాదించుకున్నారు. సుశీలమ్మ ఓడింది. మిగిలిన తొమ్మిదింటి కింద పేపర్లు పొడిగా ఉన్నాయి. వానలు వారం వెనకబడ్డాయి, ఈలోపు ఒకటి ల్యాబుకు వెళ్లి, మంచి కబురుతో తిరిగొచ్చింది. సుశీలమ్మ మిషనుకు తాడు కట్టింది, ఇంటికి బయల్దేరదామని. ఆటో వచ్చే ముందే వాన వచ్చింది, వాగు వచ్చింది.

వాగు పొంగిన రెండో రోజు పొద్దున, నొప్పులు పడుతున్న ఒక మనిషిని మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. వనజ కొత్త గౌను తొడుక్కుంది. వీపు మీద ముడులు కన్నమ్మ వేసింది. తలుపు మూసుకుంది.

సుశీలమ్మ వరండాలో కూర్చుంది. చేతిలో ఏదో తెల్ల గుడ్డ ఉంది, కుట్టడం లేదు. లోపల బిడ్డ ఏడ్చింది. హమ్మయ్య అనుకునేలోపే డాక్టరు పరుగున లోపలికి పోయాడు. కన్నమ్మ బకెట్టుతో బయటికొచ్చి మళ్లీ పోయింది. బకెట్టులో ఉన్నది చూసి సుశీలమ్మ కళ్లు మూసుకుంది. లోపలి నుంచి వనజ గొంతు, "ఇంకో సూది ఇయ్యండి, నొక్కి పట్టిన, వదల" అని. ఆ తర్వాత ఏ గొంతూ లేదు. వాన చప్పుడొక్కటే చాలాసేపు.

తలుపు తెరుచుకుంది. వనజ. మెడ నుంచి మోకాళ్ల దాకా గౌను ఎర్రగా, నల్లగా తడిసి ఉంది. "తల్లి బాగుంది అత్తమ్మా. ఆగింది" అంది అలసటగా. సుశీలమ్మకు ఆ మాట చెవికెక్కలేదు. కన్నమ్మ వెనక నుంచి ముడులు విప్పి, లోపలి వైపు బయటికి తిప్పుతూ గౌనును ఊడదీసింది. లోపలి లేతపసుపు చుడీదారు వనజ ఒంటికి అంటుకుపోయి ఉంది. తడిసి ఉంది.

సుశీలమ్మ లేచి కోడలి దగ్గరికి వచ్చింది.

"చెమట, అత్తమ్మా. చెమటే" అంది వనజ.

నమ్మలేదు. చేతిలో ఉన్న తెల్ల గుడ్డను కోడలి పొట్ట మీద పెట్టి అదిమింది. తీసి చూసింది. ఛాతీ మీద అదిమింది, మోచేతుల మీద అదిమింది. తీసి వెలుతురుకు పట్టుకుని చూసింది. తడి ఉంది. ఎరుపు లేదు. ఎక్కడా లేదు.

అత్త పోయిన ఆరు నెలలకు కోడలు ఏడ్చిందని సామెత చెబుతారు. ఇక్కడ కోడలు బతికి బట్టకట్టిన ఇన్నాళ్లకు అత్త ఏడ్చింది. ఆ గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని, తలుపుకు అడ్డంగా నిలబడి, గొంతెత్తి, చిన్నపిల్లలా ఏడ్చింది. వనజ ఆమె భుజం పట్టుకుని తానూ ఏడ్చింది.

కన్నమ్మ మాత్రం గౌనున్న బకెట్టు పట్టుకుని వాళ్ల వెనక నిలబడిపోయింది.

"దారిల నిలబడి ఏడ్వకు టైలరమ్మా, జరుగు. నెత్తురు ఎండితే పోదు, జల్దీ చల్లనీళ్లల్ల ఎయ్యాలె. ఇంకో గౌను తీసి పెట్టు. పై గుంపు నుంచి ఇంకొకామెను తెస్తున్నరంట."

సుశీలమ్మ ముక్కు తుడుచుకుని జరిగింది.